ఒకే గేటు, మూడు పటాలు: తిరుపతి శివార్లలో అపార్ట్‌మెంట్లు, హైవే ప్రతిపాదనల చిక్కుముడి

మా కాలనీ చివరి ఇంటి గేటు దగ్గర నిలబడితే మూడు గుర్తులు ఒకే చూపులో పడతాయి. ప్రహరీగోడ మీద మోకాలెత్తున ఒక బురద చార ఉంది. 2021 నవంబరు వరద మిగిల్చిన ఆ చార, రెండుసార్లు వెల్ల వేయించినా పూర్తిగా మాయలేదు. ఎదురుగా, కొన్నేళ్ల కిందటి దాకా వేరుశనగ పండిన చేనులో, ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు పిల్లర్లు లేచాయి. ఆ చేను గట్టున ఎర్రరంగుతో అంకె వేసిన సర్వే రాయి పాతి ఉంది. అది కొత్త హైవే హద్దని కొందరు, మాస్టర్‌ప్లాన్ రోడ్డు హద్దని కొందరు, లేఅవుట్ వేసినవాళ్లు పాతుకున్న రాయని ఇంకొందరు చెబుతారు.

అవిలాల, పేరూరు, తిరుచానూరు, మంగళం, కరకంబాడి, చంద్రగిరి, రేణిగుంట, ఎటువైపు వెళ్లినా శివారు కాలనీల్లో వినిపించే ప్రశ్నలు దాదాపు ఇవే. ఇన్ని ఫ్లాట్లు వస్తే నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు? రోడ్డు పడితే మన ఇల్లు ఉంటుందా, పోతుందా? మళ్లీ వాన కుండపోతగా కురిస్తే ఆ నీరు ఎవరి ఇంట్లోకి వస్తుంది? అడిగేవారికి ఇదంతా ఒకే బెంగ. సమాధానం చెప్పవలసిన చట్టాలు, కార్యాలయాలు, గడువులు మాత్రం వేర్వేరు. హైవే మీద చేసిన ఫిర్యాదు అపార్ట్‌మెంటుకు అనుమతి ఇచ్చే కార్యాలయానికి, అపార్ట్‌మెంటు మీద చేసిన ఫిర్యాదు చెరువులు చూసే శాఖకు చేరి, ఎక్కడా జవాబు రాక తిరిగి రావడానికి ఇదే ప్రధాన కారణం. అందువల్ల ఈ ముడిని ఒక్కొక్క పోగుగా విప్పి చూడవలసి ఉంటుంది.

శివారు ఎవరి పరిధిలో ఉంటుంది?

2011 జనగణనలో తిరుపతి నగర జనాభా సుమారు 2.87 లక్షలు. నగరాన్ని ఆనుకుని పెరిగిన ఊళ్లను కూడా కలిపి లెక్కించిన పట్టణ సముదాయంలో జనాభా సుమారు 4.6 లక్షలు. అంటే పదేళ్లు దాటిన ఆ లెక్క ప్రకారమే మూడోవంతుకు పైగా జనం నగరపాలక సంస్థ హద్దు బయట, చాలావరకు గ్రామ పంచాయతీల్లో, పట్టణ జీవితం గడుపుతున్నారు. బతుకు పట్టణంలో, పాలన పంచాయతీలో అన్న ఈ పరిస్థితే చాలా గందరగోళానికి మూలం.

తిరుపతి పురపాలక సంఘం 2007లో నగరపాలక సంస్థ అయింది. దాని హద్దు దాటిన తరువాత వీధి దీపాలు, చెత్త, తాగునీటి కొళాయిలు, వీధి కాలువలు పంచాయతీ పని. లేఅవుట్లు, భూవినియోగం, మాస్టర్‌ప్లాన్ మాత్రం 1981లో ఏర్పడిన తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ చూస్తుంది. అందరూ తుడా అనేది దాన్నే. చెరువులు, వాటి సప్లై కాలువలు జలవనరుల శాఖ చేతిలో, వంక (వాగు) పోరంబోకులు రెవెన్యూ లెక్కల్లో ఉంటాయి. జాతీయ రహదారుల బాధ్యత కేంద్రానిది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుపడటంతో చిత్తూరు కలెక్టరేటు చుట్టూ తిరిగే బాధ కొంత తగ్గింది గాని, ఈ అధికారాల పంపకం మారలేదు.

శివారు పంచాయతీలను నగరంలో కలిపి గ్రేటర్ తిరుపతి చేయాలన్న ప్రతిపాదన ఈ సందర్భంలోనే ముందుకు వస్తోంది. విలీనమైతే భూగర్భ డ్రైనేజీ వస్తుందని కొందరు ఆశపడుతున్నారు, ఇంటిపన్ను పెరుగుతుందని కొందరు భయపడుతున్నారు. విలీనం వల్ల భూసేకరణ పరిహారం లెక్క కూడా మారవచ్చునన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. దాని వివరం పరిహారం దగ్గర చూద్దాం.

దట్టమైన నిర్మాణమంటే అపార్ట్‌మెంటు ఒక్కటేనా?

తిరుపతిలో స్థలాన్ని అంకణాల్లో కొంటారు. ఇక్కడ అంకణమంటే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అంటే 36 చదరపు అడుగులు. ఎకరాకు 1,210 అంకణాలు. ఈ కొలతతోనే ఒక ఊహా లేఅవుట్‌ను లెక్క కట్టి చూస్తే దట్టత అన్న మాట స్పష్టమవుతుంది.

అయిదెకరాల చేను ఉందనుకుందాం. మొత్తం 6,050 అంకణాలు. నియమాల ప్రకారం పది శాతం ఖాళీ స్థలంగా విడిచిపెట్టాలి, రోడ్లకు సుమారు ముప్పై శాతం పోతుంది. మిగిలిన 3,630 అంకణాల్లో 33 అంకణాల ప్లాట్లు 110 వస్తాయి. ప్లాటుకు ఒక ఇల్లు, ఇంటికి నలుగురు చొప్పున 440 మంది ఉంటారు. పాతకాలనీ వాసుల మనసులో ఉన్న చిత్రం ఇదే.

అదే అయిదెకరాల్లో ఎకరాకు 60 ఫ్లాట్ల చొప్పున అపార్ట్‌మెంట్లు కడితే 300 కుటుంబాలు, అంటే 1,200 మంది అవుతారు. దాదాపు మూడింతలు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అన్న జాతీయ ప్రమాణంతో లెక్కిస్తే ఇళ్ల లేఅవుట్‌కు సుమారు 59 వేల లీటర్లు, అపార్ట్‌మెంట్లకు 1,62,000 లీటర్లు కావాలి. ఆ నీరంతా అయిదువేల లీటర్ల ట్యాంకర్లతో తోలితే రోజుకు 32 ట్యాంకర్లు. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది కనుక రోజుకు లక్షా ముప్పై వేల లీటర్ల మురుగుకు దారి చూపాలి. శివారు పంచాయతీల్లో చాలాచోట్ల తాగునీటికి బోర్లు, మురుగుకు సెప్టిక్ ట్యాంకులే ఆధారం కనుక ఈ అంకెలు చూసి వాసులు ఉలిక్కిపడటంలో అన్యాయమేమీ లేదు.

అయితే లెక్క ఇంకో మెట్టు ముందుకు వెళ్తే చిత్రం మారుతుంది. ఆ 110 ప్లాట్ల యజమానులు ఏళ్లు గడిచేకొద్దీ కింద ఒక పోర్షన్, పైన రెండంతస్తులు వేసి బాడుగకు ఇస్తే కుటుంబాలు 330 అవుతాయి, జనం 1,320 మంది. తిరుపతిలో ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, దేవస్థానం ఉద్యోగాలు, యాత్రికుల రాకపోకలు బాడుగ ఇళ్లకు గిరాకీ తగ్గనివ్వవు కనుక ఇది ఊహకు అందని మాట కాదు. అంటే ప్రశాంతమైన ఇళ్ల కాలనీ కూడా నెమ్మదిగా అపార్ట్‌మెంటు కన్నా దట్టంగా మారవచ్చు. పైగా అపార్ట్‌మెంటుకు పార్కింగ్, చుట్టూ వదలవలసిన ఖాళీ, అగ్నిమాపక దారి వంటివి ఒకేచోట అడిగి చేయించే అవకాశం ఉంటుంది. విడివిడిగా లేచిన పోర్షన్ల విషయంలో వాహనాలన్నీ వీధిలోనే నిలుస్తాయి. నా దృష్టిలో ఈ చర్చలో ఎక్కువగా జారిపోతున్న సంగతి ఇదే: జనసాంద్రత ఎత్తైన కట్టడంతోనే వస్తుందని అనుకోవడం వల్ల, మెల్లగా పెరుగుతున్న సాంద్రతకు తగిన కాలువ, కొళాయి అడగడం మరిచిపోతున్నాం.

అంతస్తుల సంఖ్యను ఏది నిర్ణయిస్తుంది?

చాలా రాష్ట్రాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలి అన్న నిష్పత్తి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు 2017 ప్రధానంగా ఆ పద్ధతిని అనుసరించవు. ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, చుట్టూ వదలవలసిన ఖాళీ, వీటిని బట్టి ఎత్తు తేలుతుంది. దీనివల్ల రోడ్డుకూ అంతస్తులకూ విడదీయలేని బంధం ఏర్పడింది. వీధి వెడల్పయితే పక్కన ఉన్న స్థలాల్లో ఎక్కువ ఎత్తు కట్టుకోవడానికి వీలు కలుగుతుంది. కాలనీ వాసులు రద్దీ తగ్గించమని వీధి వెడల్పు అడిగితే, అదే వెడల్పు మరిన్ని ఫ్లాట్లకు తలుపు తెరుస్తుంది.

దీనికి తోడు టీడీఆర్ అన్న మాట ఒకటి వినిపిస్తుంది. మాస్టర్‌ప్లాన్ రోడ్డు కోసం స్థలం వదులుకున్న వారికి నగదుకు బదులు అభివృద్ధి హక్కును ఒక బాండు రూపంలో ఇస్తారు. ఆ బాండును వారు మరోచోట అదనపు నిర్మాణానికి వాడుకోవచ్చు, లేదా బిల్డరుకు అమ్ముకోవచ్చు. ప్రభుత్వం రొక్కం ఖర్చు లేకుండా రోడ్డు వేసుకుంటుంది, స్థలం పోయినవారికి విలువ దక్కుతుంది. అది ఈ పద్ధతిలోని మేలు. ఒక వీధిలో రోడ్డు పడితే దాని బరువు మరో కాలనీలో అదనపు అంతస్తుగా దిగడం, బాండు విలువ కట్టడంలో తప్పు జరిగితే ఆ భారం ఊరంతా మోయవలసి రావడం ఇందులోని చిక్కు. బాండ్ల జారీలో అవకతవకలు జరిగాయన్న ఆరోపణలు రాష్ట్రంలోని కొన్ని పట్టణాలతోపాటు తిరుపతిలోనూ వచ్చాయి.

పర్యావరణ అనుమతి విషయానికి వస్తే, 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం 20 వేల చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత విస్తీర్ణం ఉన్న భవన ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. పై ఉదాహరణలోని 300 ఫ్లాట్లు, ఒక్కొక్కటి 1,200 చదరపు అడుగులనుకుంటే మొత్తం సుమారు 33,400 చదరపు మీటర్లు అవుతుంది. కనుక అనుమతి తప్పనిసరి, మురుగు శుద్ధి, వాననీటి ఇంకుడు ఏర్పాట్ల గురించి షరతులు పడతాయి. అదే చేనును ముగ్గురు బిల్డర్లు వేర్వేరుగా కొని తలా వంద ఫ్లాట్లు కడితే ఒక్కొక్కరిది సుమారు 11,100 చదరపు మీటర్లే. ముగ్గురికీ ఆ అనుమతి అవసరం పడదు. జనం అంతే, మురుగు అంతే, వాననీరు అంతే. ఇందులో ఎవరూ నియమం తప్పినట్టు కాదు. మొత్తం బరువును ఒకచోట తూచే త్రాసు లేదు, అంతే. పెద్ద ప్రాజెక్టుకయినా, భవనాల కోవలోకి వచ్చేవాటికి బహిరంగ ప్రజాభిప్రాయ సేకరణ ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కొండ నుంచి నది దాకా నీటి దారి

తిరుపతి నైసర్గిక స్వరూపం అర్థమైతే వాసుల భయం సగం అర్థమైనట్టే. ఉత్తరాన గోడలా శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. కొండమీద పడ్డ వాన కపిలతీర్థం వంటి చోట్ల కిందికి దూకి, వంకల గుండా చెరువులు నింపి, ఒక చెరువు మొరవ పోతే (నిండి పొర్లితే) మరో చెరువుకు చేరి, చివరకు స్వర్ణముఖిలో కలవాలి. ఇది పూర్వికులు కట్టుకున్న గొలుసు. సేద్యం తగ్గి ఆయకట్టు ప్లాట్లయిన కొద్దీ చెరువుకు అడిగేవాళ్లు తగ్గారు, సప్లై కాలువ పూడినా పట్టించుకునే రైతు లేకుండా పోయాడు.

2021 నవంబరు మూడో వారంలో ఈ గొలుసు ఎక్కడెక్కడ తెగిందో నీరే చూపించింది. కొండ నుంచి దూకిన నీరు నగర వీధుల్లో ఏరులా పారింది, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి ఇళ్లు నదిలోకి ఒరిగాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ కనిపించడంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించవలసి వచ్చింది.

మన అయిదెకరాల చేనునే మళ్లీ తీసుకుందాం. ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆ అయిదెకరాల మీద పడే నీరు సుమారు 20 లక్షల లీటర్లు. సేద్యం భూమి అయితే అందులో డెబ్బై శాతం ఇంకించుకుని పారబోసేది ముప్పై శాతమే అనుకుంటే, బయటికి పోయేది ఆరు లక్షల లీటర్లు. సిమెంటు, తారు, పైకప్పులతో నిండితే ఎనభై శాతం పారుతుంది, అంటే పదహారు లక్షల లీటర్లు. ఆ అదనపు పది లక్షల లీటర్లు దిగువ కాలనీ గుమ్మం ముందుకు వస్తాయి. ఈ లెక్కలో అపార్ట్‌మెంటా, విడి ఇళ్లా అన్న తేడా పెద్దగా లేదు. ఇంకా చెప్పాలంటే, నిలువుగా కట్టి నేల వదిలిన అపార్ట్‌మెంటు కొంత మేలు కూడా కావచ్చు, వదిలిన నేలంతా పార్కింగ్ టైల్స్‌తో కప్పనంతవరకు.

నియమాలు ఈ విషయంలో మౌనంగా ఏమీ లేవు. 2017 నియమాల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువ ఉన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు, పది మీటర్లకు మించి వెడల్పున్న వంక, కాలువల నుంచి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. అయితే హద్దు ఎక్కడ అన్నదే అసలు తగాదా. పదేళ్లుగా నీరు రాని చెరువుకు నీరు నిలిచే గరిష్ఠ మట్టం ఏదో చూసినవారు లేరు. దున్నేసి చదును చేసిన వంక కంటికి కనిపించదు, పటంలో మాత్రమే ఉంటుంది.

సర్వే రాయి నుంచి హైవే దాకా

తిరుపతి మీదుగా ఇప్పటికే ముఖ్యమైన జాతీయ రహదారులు పోతున్నాయి. మదనపల్లె, పీలేరు నుంచి తిరుపతి మీదుగా నాయుడుపేట వైపు 71వ నంబరు, పూతలపట్టు వైపు నుంచి వచ్చే 140వ నంబరు, చెన్నై, రేణిగుంట, కడపలను కలిపే 716వ నంబరు అందులోవి. యాత్రికుల బస్సులు, చెన్నై, బెంగళూరు లారీలు, ఊరి ద్విచక్ర వాహనాలు ఒకే దారిలో కలిసినప్పుడల్లా బైపాస్, రింగు రోడ్డు, విస్తరణ అన్న మాటలు వస్తుంటాయి. వాటితోపాటే ఇల్లు పోతుందన్న పుకారూ వస్తుంది.

అందుకే ఏ దశలో ఏం జరుగుతుందో విడదీసి చూడాలి. మొదట కన్సల్టెంట్లు సర్వే చేసి రెండు మూడు దారులు గీస్తారు. ఈ దశలో పాతిన రాయి కొలతకే గాని భూమి తీసుకున్నట్టు కాదు. ఒక దారి ఖాయమైతే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద సేకరణ మొదలవుతుంది. సేకరించాలన్న ఉద్దేశాన్ని ప్రకటించేది 3ఏ నోటిఫికేషన్. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. ప్రచురించిన నాటి నుంచి 21 రోజుల్లో భూమిపై హక్కున్నవారు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు, అధికారి వారి వాదన వినాలి. ఆ తరువాత వచ్చేది 3డీ ప్రకటన. అది వెలువడిన క్షణం నుంచి భూమి కేంద్ర ప్రభుత్వానిది అవుతుంది. 3ఏ వచ్చిన ఏడాదిలోగా 3డీ రాకపోతే, కోర్టు స్టే ఉన్న కాలాన్ని మినహాయించి, ఆ 3ఏ చెల్లకుండా పోతుంది.

రాయి పాతినప్పుడు కాలనీ అంతా గగ్గోలు పెట్టి, అసలు గడువైన 21 రోజులు మొదలైనప్పుడు సద్దుమణగడం తరచుగా జరిగే విషాదం. నోటిఫికేషన్‌లో ఉండేది సర్వే నంబర్లు. కాలనీ వాసులకు తెలిసినది ప్లాటు నంబరు, డోరు నంబరు. పత్రికలో చిన్న అక్షరాల్లో అచ్చయిన 147/2బీ వంటి అంకె తన పడకగది అని ఎవరికి తోస్తుంది? ఇంకో పరిమితి కూడా ఉంది. 3ఏ నోటిఫికేషన్ మీద అభ్యంతరం చెప్పగలిగేది ఆ భూమిలో హక్కు ఉన్నవారే. వంద గజాల అవతల ఉండి, భూమి పోకుండానే వరద, శబ్దం, చుట్టు తిరిగే ప్రయాణం భరించబోయేవారికి అక్కడ చోటు లేదు.

వారికి చోటు దొరికేది పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో. కాని అది అన్ని రోడ్లకూ ఉండదు. ఉన్న జాతీయ రహదారిని వంద కిలోమీటర్లకు మించి, నిర్దేశించిన వెడల్పుకు మించి విస్తరించినప్పుడే పర్యావరణ అనుమతి ప్రక్రియ వర్తిస్తుందని 2013 సవరణ చెబుతుంది. ఊరి చుట్టూ ఇరవై, ముప్పై కిలోమీటర్ల విస్తరణ అంటే సభ జరుగుతుందని ఎదురుచూసినవారికి ఆ సభ రాకపోవచ్చు.

పరిహారం లెక్క

2013 భూసేకరణ చట్టంలోని పరిహార సూత్రాలు 2015 నుంచి జాతీయ రహదారులకూ వర్తిస్తున్నాయి. భూమి మార్కెట్ విలువను రిజిస్ట్రేషన్ విలువ, గత మూడేళ్ల క్రయాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు వంటివాటిలో ఏది ఎక్కువైతే దాని ప్రకారం కడతారు. గ్రామీణ ప్రాంతమైతే దాన్ని 1 నుంచి 2 మధ్య ఒక గుణకంతో హెచ్చిస్తారు, పట్టణమైతే గుణకం 1. వచ్చిన మొత్తానికి నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా భూమి తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు మొత్తం, కలుపుతారు. నోటిఫికేషన్ నుంచి అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) దాకా మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనంగా ఇస్తారు.

పది సెంట్ల స్థలం పోతుందనుకుందాం. దస్తావేజుల ప్రకారం సెంటు 3 లక్షలు, బయట పలికే ధర 6 లక్షలు. కాగితాల మీద విలువ 30 లక్షలు. పంచాయతీ పరిధిలో గుణకం 1.25 అనుకుంటే 37.5 లక్షలు, సొలేషియంతో 75 లక్షలు, ఏడాది పట్టిందనుకుంటే మరో 3.6 లక్షలు, వెరసి 78.6 లక్షలు. అదే స్థలం నగర పరిధిలోకి వెళ్తే 30, మరో 30, ఆపైన 3.6 కలిపి 63.6 లక్షలు. రెండు సందర్భాల్లోనూ బయటి ధర అయిన 60 లక్షల కన్నా ఎక్కువే. దస్తావేజుల్లో సెంటు 2 లక్షలే చూపి ఉంటే నగర పరిధిలో మొత్తం 42.4 లక్షలకు పడిపోతుంది. నిన్న స్టాంపు ఖర్చు తగ్గుతుందని తక్కువ ధర రాయించుకున్నది ఇవాళ వీధి మొత్తానికి నష్టంగా తిరిగి వస్తుంది. విలీనానికీ పరిహారానికీ ఉన్న సంబంధం కూడా ఇక్కడే ఉంది.

రోడ్డు పడి చేను రెండు ముక్కలైతే ఆ విడిపోవడం వల్ల కలిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని రహదారుల చట్టం చెబుతుంది. భూమి పోనివారికి, శబ్దం, దుమ్ము వల్ల ఇంటి విలువ తగ్గినవారికి ఈ లెక్కలో చోటు లేదు.

హైవే వస్తే రద్దీ తగ్గుతుందా?

తగ్గుతుందనేవారు, తగ్గదనేవారు ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రోడ్డు ఇంజనీర్లు వాహనాలన్నిటినీ కారు లెక్కలోకి మార్చి కొలుస్తారు. ద్విచక్ర వాహనాన్ని అర కారుగా, లారీని మూడు కార్లుగా పట్టే పద్ధతి అది. మైదానంలో రెండు వరుసల రోడ్డు రోజుకు సుమారు 15 వేల కార్ల లెక్కను మోయగలదని భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణం. ఒక శివారు రోడ్డు ఆ హద్దుకు చేరింది, అందులో 6 వేలు ఊళ్లో పనిలేని దూరప్రయాణాలు అనుకుందాం. బైపాస్ పడితే ఆ 6 వేలు తప్పుకుంటాయి, రోడ్డుకు ఊపిరి ఆడుతుంది. ఈలోగా బైపాస్ చూసి భూముల ధర పెరిగి, 300 ఫ్లాట్ల సముదాయాలు పది లేచాయనుకుందాం. ఒక్కొక్క సముదాయం నుంచి 200 కార్లు, 300 బైకులు రోజుకు ఒకసారి పోయి వచ్చినా 700 కార్ల లెక్క, పదింటికి 7 వేలు. ఖాళీ అయిన చోటు నిండిపోయి ఇంకో వేయి మిగిలింది. రోడ్డు విఫలమైందనలేం, అది లేకపోతే పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉండేది. రోడ్డు పథకాన్నీ భూవినియోగ పథకాన్నీ వేర్వేరు బల్లల మీద గీస్తే వచ్చే ఫలితం మాత్రం ఇదే.

నగరం లోపల 2023 సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ యాత్రికుల వాహనాలను కూడళ్ల మీదుగా దాటించడానికి కట్టినది. శివార్లలో హైవే సాధారణంగా స్తంభాల మీద కాక మట్టి కట్ట మీద వస్తుంది, అక్కడే స్థానికుల ఇబ్బంది మొదలవుతుంది. రోడ్డు అవతలి బడికి, రేషను దుకాణానికి, పొలానికి పోవాలంటే అండర్‌పాస్ దాకా నడవాలి. అది కిలోమీటరున్నర దూరంలో ఉంటే ఎదురుగా కనిపించే చోటుకు మూడు కిలోమీటర్లు. అండర్‌పాస్ ఎత్తు కూడా ముఖ్యమే: పాదచారులకు, పశువులకు ఉద్దేశించినది మూడు మీటర్లుంటే, గడ్డి వేసిన ట్రాక్టరు, బడి బస్సు అందులో దూరవు. సర్వీసు రోడ్డు ఎంత దూరం ఉంది, ఎక్కడ తెగింది అన్నది కాలనీకి హైవే వెడల్పుకన్నా పెద్ద ప్రశ్న.

ఎదుటివారి మాటా వినాలి

నిర్మాణాన్ని వ్యతిరేకించేవారు అందరి తరఫునా మాట్లాడుతున్నారని అనుకోవడం సరికాదు. బోరు ఎండి, కూలి దొరకక సేద్యం మానుకున్న రైతుకు చేను అమ్మకం ఒక్కటే ఆడపిల్ల పెళ్లికి, కొడుకు చదువుకు దారి కావచ్చు. పొలం పచ్చగా ఉండాలని కోరేవారు అంతకుముందు మరో రైతు పొలంలో వేసిన ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నవారే అన్న అతని మాటలో న్యాయం ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన దంపతులకు 33 అంకణాల స్థలం అందనంత దూరం, ఫ్లాటు ఒక్కటే అందుబాటు. నగరం అడ్డంగా పరుచుకునేకన్నా నిలువుగా పెరిగితే బస్సు నడపడం, పైపు వేయడం చవక అనే ప్రణాళికా నిపుణుల వాదన కూడా బలమైనదే.

అయితే ఆ వాదన నిలబడాలంటే బస్సు రావాలి, పైపు పడాలి. ఫ్లాట్లకు అనుమతి ఈ ఏడాది, మురుగు పైపు ఎప్పుడో అన్న వరసలో పని జరిగినప్పుడు సాంద్రత వల్ల కలగవలసిన మేలు రాదు, భారమే మిగులుతుంది. పాత రోడ్డు పక్కన హోటలు, పంచరు షాపు నడిపేవారి వ్యాపారం బైపాస్ వల్ల పడిపోతుంది, ఆ రోడ్డులో ప్రమాదాలూ తగ్గుతాయి. రెండూ ఒకే వీధిలో జరుగుతాయి.

రెండు పథకాలు కలిసే చోటు

అపార్ట్‌మెంటు, హైవే విడివిడిగా నియమాలకు లోబడి ఉన్నా, రెండూ కలిసే చోట చిక్కు వస్తుంది. తిరుపతిలో నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. చంద్రగిరి, తిరుపతి, రేణిగుంట దారి పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. ఆ దిశలో వేసే ఏ మట్టి కట్ట అయినా నీటి దారికి అడ్డంగా పడుతుంది, కల్వర్టులే దానికి గొంతు. కల్వర్టు ఎంత పెద్దది కావాలో పై పరీవాహకం నుంచి ఎంత నీరు వస్తుందన్న లెక్క తేలుస్తుంది. ఆ లెక్క చేను చేనుగా ఉన్నప్పుడు వేసి, కట్ట పూర్తయ్యేలోగా ఎగువ అయిదెకరాలు కాంక్రీటు అయితే, ఆరు లక్షల లీటర్లకు కట్టిన గొంతులోకి పదహారు లక్షల లీటర్లు వస్తాయి. నీరు కట్టకు ఎగువన నిలుస్తుంది. ఆ ఎగువన ఉన్న కాలనీవారు భూమి పోయినవారు కారు కనుక 3ఏ మీద అభ్యంతరం చెప్పే వీలు లేకపోయింది, విస్తరణ వంద కిలోమీటర్లు లేదు కనుక బహిరంగ సభకు పిలుపు అందలేదు, ఎగువ అపార్ట్‌మెంట్లు 20 వేల చదరపు మీటర్లకు లోపు కనుక వాటి పర్యావరణ షరతుల్లోనూ వీరి ప్రస్తావన రాలేదు.

మా కాలనీ చివరి గేటు దగ్గర ఉన్నది అటువంటి చోటే. గోడ మీది బురద చారకూ చేను గట్టున ఉన్న సర్వే రాయికీ మధ్య నూటయాభై అడుగులు కూడా లేవు. ఆ మధ్యలో ఒక వంక ఉంది, ఇప్పుడు సగం పూడిపోయి తుమ్మ మొలకలు, ప్లాస్టిక్ సంచులతో నిండింది. రెవెన్యూ పటంలో అది వంక పోరంబోకు, మాస్టర్‌ప్లాన్‌లో సన్నని నీలి గీత, రోడ్డు డ్రాయింగులో ఒక కల్వర్టు నంబరు. 2021లో నీరు ఆ మూడింటిలో దేన్నీ చూడలేదు. పూడిన వంకను వదిలి వీధిలోకి వచ్చి, గేటు తోసుకుని, మోకాలెత్తు చార గీసి పోయింది.